కూతలో ఆగిన బొమ్మ

రోజూ పొద్దున ఎనిమిదింటికి లాల్‌దర్వాజా గల్లీలోంచి బడికి నడిచి వెళ్ళేటప్పుడు సులోచన పెదవులు కదులుతూ ఉండేవి. మూలమీది కిరాణాకొట్టు ఆయన అది చూసి చేతులు జోడించేవాడు. "పంతులుగారి బిడ్డ గదా, తొవ్వల గుడ జపం ఇడువదు" అని గిరాకీలతో అనేవాడు. ఆమె తండ్రి ముప్పై ఏళ్ళు గుడి సేవలో ఉన్న మాట నిజమే. కానీ అది జపం కాదు. తొమ్మిదో తరగతి గదిలో అడుగుపెట్టగానే చెప్పవలసిన మొదటి వాక్యం. అది నోటికి రాకపోతే గుమ్మం దగ్గరే కాళ్ళు ఆగిపోతాయని ఆమె భయం. పదకొండేళ్ళుగా సోషల్ చెప్తున్నా ఆ భయం తగ్గలేదు. నలభై ఇద్దరు పిల్లలు ఒక్కసారి తలెత్తితే బోర్డువైపు తిరిగి తేదీ రాసేది.

ఆ జనవరిలో దానికి ఇంకో భయం తోడైంది. బడి యజమాని వేణుగోపాల్ హోల్‌సేల్ బట్టల వ్యాపారి. ఏదో శిక్షణకు వెళ్ళొచ్చి, పిల్లలకు ఆటల సినిమా చూపించి నాయకత్వం, కలిసి పనిచెయ్యడం నేర్పాలని పట్టుబట్టాడు.

"టీచరమ్మా, గీ క్లాసు నువ్వే చెప్పాలె. నేను ఎనుక బెంచీల కూసుంట. మంచిగైతె వచ్చే ఏడు గుడ ఉంటవ్. లేకుంటె ఏప్రిల్‌ల సలామే" అన్నాడు.

ఆమెది ఏడాదికోసారి రాసిచ్చే ఉద్యోగం. ఆయన చేతిలో పెట్టిన కాగితం మీద పన్నెండు ప్రశ్నలున్నాయి. ఏ చోట సినిమా ఆపి ఏది అడగాలో కూడా రాసి ఉంది.

సినిమాకు ముందురోజు ధైర్యం కోసం క్లాసులో ఒక ప్రశ్న అడిగి చూసింది. "లీడర్ అంటే ఎవరు?"

"పేర్లు రాసేటోళ్ళు టీచర్!" వెనక బెంచీ నుంచి శ్రవణ్‌కుమార్ అన్నాడు. క్లాసంతా గొల్లుమంది.

వాడు తప్పేమీ అనలేదు. టీచరు లేనప్పుడు మాట్లాడిన వాళ్ళ పేర్లు బోర్డు మూలన రాయడమే ఆ బడిలో లీడర్ పని. రాసిన పేర్లకు అరచేతుల మీద దెబ్బలు. ఈ ఏడాది లీడర్ వర్షిత. అన్నం గంట కొట్టగానే అందరూ గుంపులుగా కూర్చుంటే, ఆ పిల్ల గోడవైపు తిరిగి ఒక్కతే తినేది. ఆ రోజు క్లాసు నవ్వుతున్నప్పుడు కూడా తల ఎత్తలేదు.

మర్నాడు టీవీ గది బయట సులోచన కాగితం మళ్ళీ మళ్ళీ తిరగేయడం చూసి ఆయమ్మ నీలమ్మ నీళ్ళ గ్లాసు అందించింది.

"గంత ఫికరేంది టీచరమ్మా? సారు పులా ఏంది మింగనీకి? బట్టల షావుకారి."

సులోచన నవ్వబోయింది. రాలేదు.

సినిమా ఒక పల్లెటూరి ఆడపిల్లల కబడ్డీ జట్టు కథ. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. కాగితం ప్రకారం ఆమె పది నిమిషాలకు ఒకసారి రిమోట్ నొక్కి, "ఈ సన్నివేశంలో నాయకత్వ లక్షణం ఏది?" అని అడుగుతోంది. వెనక వేణుగోపాల్ దగ్గినప్పుడల్లా అదే ప్రశ్న మళ్ళీ మొదటినుంచి చదువుతోంది.

ఆఖరి ఆట వచ్చింది. జట్టులో మిగిలిన ఒక్క పిల్ల కూత పెడుతూ గీత దాటింది. అక్కడే ఆపమని కాగితంలో ఉంది. ఆపింది.

"అబ్బా టీచర్!"

"జర ఆపకుండ్రి టీచర్, దండం పెడ్త!"

ఆమె రిమోట్ ముందు బెంచీ మీద పెట్టి, పదకొండో ప్రశ్న కోసం కాగితం తిరగేసింది. ఎవరూ నొక్కమనకుండానే తెరమీద కూత మళ్ళీ మొదలైంది. చూస్తే బెంచీ మీద రిమోట్ లేదు.

"ఆపు! జవాబెవలు చెప్పిండ్రు?" వేణుగోపాల్ లేచి వచ్చి స్విచ్చే ఆపేశాడు. తెర నల్లబడింది. "రిమోట్ ఎవడు తీసిండు?"

బెంచీల మధ్య ఒకసారి నడిచి, ఆయన మళ్ళీ ముందుకు వచ్చాడు.

"లీడర్ ఎవరు? లే. బోర్డు మీద పేరు రాయి."

వర్షిత లేచింది. ముందు బెంచీలోనే కూర్చుంది కాబట్టి ఆ పిల్ల చూసే ఉంటుందని సులోచనకు తెలుసు. పేరు రాస్తే గొడవ తీరిపోతుంది. ఎవడో దెబ్బలు తింటాడు, తన ఉద్యోగం నిలుస్తుంది. తను చెయ్యవలసిందల్లా నోరు మూసుకోవడం. అది ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య.

సుద్దముక్క బోర్డుకు ఆనింది. వర్షిత బోర్డును చూడడం లేదు, టీచరును చూస్తోంది. ఆ కళ్ళల్లో ఉన్న భయం ఎక్కడ కనిపించినా సులోచన గుర్తుపట్టగలదు.

"రాయకు, వర్షితా."

ఆ మాట అన్నది తనే అని తెలియడానికి ఆమెకు క్షణం పట్టింది.

"ఏందీ?" అన్నాడు వేణుగోపాల్.

"రాయొద్దు సార్. ఇప్పటికే... దీనితోని కూసోని తినేటోళ్ళు లేరు సార్." బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

అప్పుడు బెంచీల కింద ఏదో కదిలింది. పిల్లలందరూ బోర్డుకేసే చూస్తున్నారు. మోచేతులు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా కదులుతున్నాయి. ఎక్కడ బయలుదేరిందో ఎవరికీ తెలియదు గానీ, చేతినుంచి చేతికి మారుతూ వచ్చి, ముందు బెంచీ మీద వర్షిత లేచిన ఖాళీలో రిమోట్ చప్పుడు లేకుండా తేలింది.

"చూస్తున్నవా? అందరు గల్సి దొంగను దాస్తున్నరు. గిదేనా నువ్వు నేర్పింది?"

అవును అనుకుంది సులోచన. సుద్దముక్క వర్షిత చేతిలోంచి తీసుకుని ఆ పిల్లను కూర్చోమంది. ఆయన తలుపు దడేలున వేసి వెళ్ళిపోయాడు.

ఆమె టీవీ మళ్ళీ పెట్టింది. కాగితం మడిచి సంచిలో వేసింది. ఆఖరి ఆట ఎక్కడుందో శ్రవణ్‌కుమార్ వెతికి పెట్టాడు. పిల్లలు అరుస్తూ, బెంచీలు చరుస్తూ చూశారు. వర్షిత పక్కన ఎవరో జరిగి చోటు చేసుకున్నారు. సులోచన తెరవైపు చూడనే లేదు. గంట కొట్టేదాకా తలుపు దగ్గరే నిలబడి, వరండాలో వేణుగోపాల్ చెప్పుల చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉంది.

ఏప్రిల్‌లో మిగతా టీచర్లందరికీ వచ్చే ఏడాదికి ఉద్యోగం రాసిచ్చే కాగితాలు వచ్చాయి. ఆమెకు రాలేదు.

ఇప్పుడు సులోచన సంతోష్‌నగర్‌లో ఒక చిన్న బడిలో ఆరు, ఏడు తరగతులకు సోషల్ చెప్తోంది. అక్కడా ఉద్యోగం ఏడాదికోసారి రాసిచ్చేదే.