మంగళవారం పెట్టిన సంతకం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే. కాబట్టి ఈ సంగతి నేను చల్లగా చెప్తానని ఎవరూ ఆశపడొద్దు.

టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మేం సరుకులు కొనుక్కునే ఇండియన్ స్టోర్ పక్కనే ఒక చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. ఇరాన్ నుంచి వచ్చిన ఒకావిడ నడుపుతుంది. పదకొండేళ్ళుగా నా కనుబొమలు ఆవిడ చేతిలోనే ఉన్నాయి. దారం కొస పళ్ళ మధ్య పట్టుకుని లాగుతుంది కాబట్టి పని చేస్తున్నంతసేపూ ఆవిడకి మాట్లాడ్డం కుదరదు. నేను కళ్ళు మూసుకుని, రెప్ప పైనా కిందా చర్మం బిగించి పట్టుకుని, నా ఇంటి గోలంతా వెళ్ళబోసుకుంటాను. మా భాష ఇంగ్లీషే. ఆవిడది ఒక రకం, నాది ఇంకో రకం, అయినా ఏనాడూ ఇబ్బంది పడలేదు. నన్ను మాత్రం వాళ్ళ భాషలో 'జాన్' అంటుంది, ప్రాణమా అని.

మొన్న వసంతంలో ఒక శనివారం, ఒక కనుబొమ్మ అయ్యాక దారం వదిలేసింది. కళ్ళు తెరిచి చూస్తే గోడకానుకుని నిలబడి ఉంది.

"మా అమ్మ నిన్న ఫోన్‌లో నా పేరు చెప్పడానికి చాలాసేపు ఆలోచించింది" అంది.

అమ్మ ఇరాన్‌లోనే, షిరాజ్‌లో ఉంటుంది. మంచం పట్టి ఏడాదైంది. ఇప్పుడు మనుషుల్ని మరిచిపోతోంది. పూర్తిగా మరిచిపోక ముందే ఒక్కసారి వెళ్ళి పక్కన కూర్చోవాలి. ఆవిడకి కావలసింది అంతే.

"మరి వెళ్ళు. నువ్వు అమెరికన్ సిటిజన్‌వి కదా" అన్నాను.

అక్కడ పుట్టినవాళ్ళు అక్కడి పాస్‌పోర్ట్ మీదే అడుగు పెట్టాలట. ఆవిడది ఎప్పుడో ఎక్స్‌పైర్ అయింది. కొత్తది కావాలంటే, పెళ్ళైన ఆడది కాబట్టి, భర్త ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టాలి.

"నీకు డివోర్స్ అయి ఎనిమిదేళ్ళు!"

"టెక్సాస్‌లో అయింది. అక్కడ ఆయన రిజిస్టర్ చేయించలేదు. అక్కడి లెక్కలో నేనింకా ఆయన భార్యనే."

ఆ పెద్దమనిషి ఇరవై నిమిషాల దూరంలో, ప్లేనోలో, ఇంకో పెళ్ళి చేసుకుని ఇద్దరు పిల్లల్ని కని హాయిగా ఉన్నాడు. ఆయనకి అక్కడి చట్టం అడ్డురాదు. ఈవిడ మాత్రం కన్నతల్లిని చూడ్డానికి ఆయన దయ కోసం చూడాలి. ఆయన సంతకం పెట్టినా, అక్కడికి వెళ్ళాక మనసు మార్చుకుంటే తిరిగి రాకుండా ఆపించగలడట. "అయినా వెళ్తాను. తిరిగి రావడం సంగతి తర్వాత" అంది.

కాలేజీ రోజుల్లో గేటు దగ్గర కాపలా ఉండే ఒకామె టిష్యూ పెట్టి అమ్మాయిల పెదాల రంగు తుడిచేసేదని ఆవిడ ఇంతకుముందు నవ్వుతూ చెప్పింది. ఇప్పటి అమ్మాయిలు జుట్టు విరబోసుకుని వీధుల్లో నడుస్తున్న వీడియోలు చూపించి, "మేం చెయ్యలేనిది వీళ్ళు చేస్తున్నారు" అని గర్వంగా ఏడ్చింది. అప్పుడు నేను మనసులో, పోనీలే, మన దగ్గర ఇంత లేదు అనుకున్నాను. సిగ్గు లేకుండా అనుకున్నాను. ఈ దేశంలో మొదటి ఆరేళ్ళు నా వీసా మీద డిపెండెంట్ అని ఉండేది. బ్యాంక్‌కి ఫోన్ చేస్తే, ఫోన్ మీవారికి ఇవ్వండి అనేవారు. అదంతా ఎంత బాగా మరిచిపోయానో.

ఆ పెద్దమనిషి లాస్ కొలీనాస్‌లో మావారి ఆఫీసులోనే పనిచేస్తాడు. ఇద్దరూ కలిసి లంచ్ చేస్తారు. నాకు వెంటనే మన బుద్ధి పుట్టింది. ఇంటికి పిలిచి, కడుపునిండా పెట్టి, మగవాళ్ళ చేత ఒక మాట చెప్పిస్తే పనైపోతుంది కదా! మన ఊళ్ళలో సగం పనులు అలాగే అవుతాయి.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నాం. పార్లర్ ఆవిడ ఇచ్చిన అనుమతి కాగితం ఫ్రిజ్ మీద మ్యాగ్నెట్ కింద పెట్టాను. సంతకానికి నోటరీ కావాలి కాబట్టి, ఆ పని చేసే మా పక్కింటి అమ్మాయిని కూడా పిలిచాను. వరంగల్ పిల్ల. రాగానే హ్యాండ్‌బ్యాగ్ తట్టి, "అక్కా, స్టాంపు తెచ్చిన. ఎప్పుడు గుద్దాలె?" అంది.

ఆ పెద్దమనిషి పిస్తా మిఠాయి డబ్బాతో వచ్చాడు. నేను పూరీలు వేయిస్తూ వంటింట్లోనే ఉండిపోయాను. మావారు మెల్లగా విషయం కదిపారు. ఆ పెద్దమనిషి గుండెల మీద చెయ్యి పెట్టుకుని, "తప్పకుండా, అదెంత పని, నా కళ్ళ మీద పెట్టుకుని చేస్తాను" అన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. నేను ఫ్రిజ్ మీది కాగితం తీశాను. మావారు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించారు.

"అన్నం తింటున్న మనిషి ముందు కాగితం పెడితే ఏం బావుంటుంది? ఇస్తానన్నాడుగా. సోమవారం ఆఫీస్‌లో ఇస్తాలే."

నాకూ అది నిజమే అనిపించింది. ఇంటికొచ్చిన అతిథి కదా! గదిలో మనిషి ఉన్నాడు, కాగితం ఉంది, పెన్ను ఉంది, స్టాంపు ఉంది. ఇన్ని పెట్టుకుని నేను ఆయనకి ఇంకో పూరీ వడ్డించాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి నేనే విరిచేసుకోవాలనిపిస్తుంది.

సాయంత్రం ఫోన్ చేసి, ఒప్పుకున్నాడని పార్లర్ ఆవిడకి సంబరంగా చెప్పాను.

"సంతకం పెట్టాడా?"

"మూడుసార్లు మాటిచ్చాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని."

"మా దేశంలో ట్యాక్సీ డ్రైవర్ కూడా అలాగే అంటాడు, జాన్. మీరు ఇవ్వకపోయినా పర్లేదు అంటాడు. అయినా అందరూ డబ్బులిస్తారు. అది మర్యాద, మాట కాదు" అంది. నన్ను తిట్టలేదు. తిట్టినా బావుండేది.

సోమవారం మావారు కాగితం ఇచ్చారు. తర్వాత వారం అడిగితే "ఇస్తాడట" అన్నారు. ఆ తర్వాత వారం "బిజీగా ఉన్నాడు" అన్నారు. నేను మళ్ళీ అడిగితే, "ఊరికే వేధించకు, ఆయనతో నాకు రోజూ పని" అని విసుక్కున్నారు. ఐదో వారం షిరాజ్ నుంచి ఫోన్ వచ్చింది. అమ్మ పోయింది. ఖననం వీడియో కాల్‌లో చూద్దామంటే మధ్యలో లైన్ తెగిపోయిందట. ఆవిడ పార్లర్ మూడు రోజులు మూసి, నాలుగో రోజు తెరిచింది.

తర్వాతి సోమవారం మావారు ఒక కవరు తెచ్చి టేబుల్ మీద పెట్టారు. "చూశావా, ఇస్తానన్నాడు, ఇచ్చాడు. పాపం, కండోలెన్సెస్ కూడా చెప్పమన్నాడు."

తీసి చూశాను. 'నా భార్య ప్రయాణానికి అనుమతి ఇస్తున్నాను' అని ఇంగ్లీషులోనూ వాళ్ళ భాషలోనూ ఉంది. కింద సంతకం, పక్కన ఏదో బ్యాంక్‌లో వేయించిన నోటరీ స్టాంపు. స్టాంపులో తేదీ. ఫోన్‌లో క్యాలెండర్ తీశాను. మా ఇంట్లో భోజనం చేసిన ఆదివారం తర్వాత వచ్చిన మంగళవారం అది. అప్పటికి ఆ తల్లి బతికే ఉంది. కూతురి పేరు ఆలోచించి అయినా చెప్తోంది.

"ఇది ఎప్పుడో పెట్టిన సంతకమండీ!"

మావారు షూస్ విప్పుకుంటున్నారు. తలెత్తలేదు. "తెలుసు. డ్రాయర్‌లో ఉందన్నాడు. ఆవిడే స్వయంగా వచ్చి, ప్లీజ్ అని అడిగితే ఇస్తానన్నాడు. నాలుగు రోజులు పోతే మెత్తబడతాడులే అనుకున్నా. తొందరపెట్టడం నాకు మొహమాటం అనిపించింది. నీకు చెప్తే నువ్వు రచ్చ చేస్తావు."

రచ్చ చేసేదాన్నే. ఆఫీసుకి వెళ్ళి ఆ డ్రాయర్ బద్దలు కొట్టేదాన్ని. ఆవిడ అయితే అడిగేదో అడిగేది కాదో, ప్లీజ్ అనేదో ఆ మొహాన ఉమ్మేసి వచ్చేదో, అది ఆవిడ ఇష్టం. ఆ ఇష్టం కూడా ఆవిడకి మిగల్చకుండా ఇద్దరు మగవాళ్ళు లంచ్ చేస్తూ తేల్చేశారు. అందులో ఒకడు ఆ దేశం వాడు, ఆయన వెనక ఒక చట్టం ఉంది. రెండోవాడు గుంటూరువాడు, పాతికేళ్ళుగా నా పక్కన పడుకుంటున్నాడు. ఆయనకి ఏ చట్టమూ అక్కర్లేకపోయింది.

ఇది జరిగి మూడు వారాలు. మావారితో కావలసినంత వరకే మాట్లాడుతున్నాను. కవరు నా బ్యాగ్‌లోనే ఉంది. రెండు శనివారాలు పార్లర్‌కి వెళ్ళి, కళ్ళు మూసుకుని, చర్మం బిగించి పట్టుకుని, కవరు మాట తప్ప అన్నీ మాట్లాడి వచ్చాను. ఇప్పుడే ఎందుకులే, దుఃఖంలో ఉంది, ఏం బావుంటుంది అనుకున్నాను. ఆ మాట నా నోట్లో మావారి గొంతుతోనే పలికింది.

రేపు శనివారం. దారం పళ్ళ మధ్య పెట్టుకోక ముందే చెప్పేస్తాను.