అవ్వకు ఊదిన దువా

హజ్ నుంచి వచ్చేవాళ్లు ఖర్జూరాలు, జమ్‌జమ్ నీళ్లు తెస్తారు. వాటితోపాటు దగ్గునూ తెస్తారు. మదీనాలో మా హోటల్లో రాత్రీ పగలూ ఒకటే దగ్గు. ఒకరు ఆపితే పక్క గదిలో ఇంకొకరు అందుకునేవారు. "ఈడికొచ్చి దగ్గకుంట ఎవరు పోతరు?" అని అందరికంటే ఎక్కువ నవ్వినదాన్ని నేనే. బయలుదేరే ముందు డాక్టరు ఇచ్చిన మాస్కులు సంచి అడుగునే ఉండిపోయాయి.

మహబూబాబాద్ స్టేషన్‌లో దిగేసరికి నా ఒళ్లు కాలిపోతోంది. జ్వరం తగ్గేదాకా ఎవరినీ కలవొద్దు, గదిలోనే ఉండమని మా ఆయన బతిమాలాడు. నేను వింటేనా? ఇంటినిండా పూలదండలతో వచ్చిన జనం. మాకోసం దువా చేయమంటూ నా ముందు వంగిన తలలు. గాజుల దుకాణంలో కూర్చుని ఊరందరి చేతులూ పట్టుకున్నదాన్నే గానీ, అంతకుముందు ఎవరూ నా ఎదుట తల వంచింది లేదు. ఆ మర్యాద నాకు తెగ నచ్చింది. తలుపేసుకుంటే అదంతా చేజారిపోతుందనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ సాయంత్రం పక్కింటి అవ్వ వచ్చింది. వాళ్లది కిరాణా దుకాణం. నేను కోడలిగా వచ్చిన నాటి నుంచి నన్ను బిడ్డా అనే పిలుస్తుంది. ఆమెకు ఏళ్ల తరబడి దమ్ము, కాస్త నడిస్తే ఆగి ఊపిరి తీసుకోవాలి. దువా చదివి మనిషి మీద ఊదడం మా వైపు పాత అలవాటు. నమాజ్ అయ్యే వేళకు మసీదు మెట్ల దగ్గర హిందువుల తల్లులు కూడా పిల్లల్ని ఎత్తుకుని నిలబడతారు. అవ్వ తన పిల్లలందరినీ అట్లా ఊదించుకునే పెంచింది. ఇక హజ్ చేసి వచ్చినవాళ్లు ఊదితే దానికి తిరుగేముంది?

"నా దమ్ము కోసం జర చదివి ఊదు బిడ్డా. పానం మంచిగుంటలేదు" అంది.

చదివాను. మధ్యలో దగ్గొస్తే ఆగి, దగ్గి, మళ్లీ చదివాను. ఆమె కళ్లు మూసుకుని ముఖం పైకెత్తింది. నుదుటి మీద, గుండెల మీద ఊదాను. కొంచెం కూడా పోనీయకూడదన్నట్టు అవ్వ ఆ గాలిని గట్టిగా పీల్చుకుంది.

వారం తిరక్కుండానే ఆమెకు జ్వరం, దగ్గు. ఊపిరాడక వరంగల్ దవాఖానకు తీసుకుపోయారు. న్యుమోనియా అన్నారు. ఆమె కొడుకు నన్ను ఒక్క మాట అనలేదు. "ముసలి పానం అక్కా, ముసురు పట్టింది గదా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

దవాఖానకు వెళ్లాను, ఈసారి మాస్కు పెట్టుకుని. ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో అవ్వ పడుకుని ఉంది. ఇక ఆగలేక చెప్పేశాను. "అవ్వా, నా దగ్గే నీకు అంటుకుంది. జ్వరముండి కూడా ఊదిన. తప్పు నాదే."

అవ్వ తల అడ్డంగా ఊపింది. "ఏం మాటలే గవి? దేవుని కాడికెల్లి తెచ్చిన గాలి రోగమెట్లయితది? నువ్వు ఊదినవు గన్కనే పానం నిలిచింది." నా చేయి పట్టుకుని, మళ్లొకసారి ఊదమంది. నేను మాస్కు తీయలేదు. దూరంగా జరిగి దువా చదివాను.

"గాలి తగుల్తలేదు బిడ్డా" అంది.

అవ్వ బతికి ఇంటికొచ్చింది. కానీ ఇప్పుడు తన దుకాణం దాకా కూడా నడవలేదు. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ పెట్టారు, దాని చప్పుడు గోడ ఇవతల మాకు వినిపిస్తూనే ఉంటుంది. ఆమె కొడుక్కి కూడా జరిగింది చెప్పాను. "తెలుసక్కా. అమ్మ ముంగట మాత్రం అనకు. ఆమె గా నమ్మకం మీదనే ఉన్నది" అన్నాడు.

రోజూ వెళ్లి ఆమెకు తల దువ్వుతాను. చూడడానికి వచ్చిన ప్రతివాళ్లకూ అవ్వ నన్ను చూపిస్తుంది. "గీ బిడ్డ ఊదబట్టే బతికిన" అంటుంది. వాళ్లు నాకు దండం పెడతారు. నేను తల దించుకుంటాను. అది వినయం అనుకుంటారు.