లతీఫ్ మేస్త్రి వేసిన ఇనుప పువ్వు

నాకో దుర్గుణం ఉంది. డ్రాయింగు కాగితం చేతిలో పెడితే ఎదుటివాడికి అంతా చెప్పేసినట్టేనని అనుకుంటాను. సూపర్‌వైజరుగా పాతికేళ్లు ఇలాగే బతికేశాను. ఈ గుణం వల్లే లతీఫ్ మేస్త్రి నోటికాడి కూడు పోబోయింది. కాబట్టి ముందు నా సంగతి ఒప్పుకొని, తర్వాత అతని సంగతి చెబుతాను.

లతీఫ్ పాతపోస్టాఫీసు వైపు మనిషి. తాత, తండ్రి, తను, మూడు తరాలు నేలలు వేసినవాళ్లే. ఆ వీధుల్లో ఏ పాత ఇంట్లోకి తీసుకెళ్లినా హాలు మధ్య రంగురాళ్ల పువ్వు చూపించి "ఇది మా నాయన పువ్వు సార్. పక్కింట్లోది నాది" అనేవాడు. హాలు పెద్దదైతే ఎనిమిది రేకలు, చిన్నదైతే ఆరు. పువ్వు వెయ్యని నేల ఉప్పు వెయ్యని కూరని వాళ్ల ఇంటి మాట. ఇల్లుగలాయన వద్దన్నా బతిమాలి వేసేవారట.

నిగనిగలాడే పెద్ద టైల్స్ వచ్చాక పువ్వులు అడిగేవాళ్లు లేకుండా పోయారు. అయిదు నెలలు పనిలేక ఇంట్లో కూర్చుంటే, ఆటోనగర్ దాటాక, వందలకొద్దీ కంప్యూటర్లు పెట్టడానికి కడుతున్న డేటా సెంటరులోకి నేనే తీసుకొచ్చాను. కాంట్రాక్టరు శివరామకృష్ణ అతన్ని ఎగాదిగా చూసి, "ఈ ఒక్క హాలూ సూత్తాను శ్రీరామ్మూర్తీ. బాగుంటే మిగతా రెండు హాళ్లూ ఈయనకే. నేదంటే ఏరేవోళ్లని ఎట్టుకుంతాను" అన్నాడు. యాభై రెండేళ్ల వయసులో లతీఫ్‌కి అదే ఆఖరి దారి. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

మొదటిరోజు సిమెంటు నేల మీద వరసగా బిగించిన ఇనుప కాళ్లని చూసి ముక్కున వేలేసుకున్నాడు. ఒక్కొక్కటీ మోకాలు దాటిన ఎత్తు. వాటి మీద రెండడుగుల ఇనుప పలకలు పేర్చాలి.

"నేల మీద మళ్లీ నేలేటి సార్? కిందది బానే ఉంది గదా?"

"వైర్లూ, గాలీ, అవీ ఇవీ పోతాయిలే" అన్నాను. ఇంతలో ఫోన్ మోగింది. డ్రాయింగు అతని చేతిలో పెట్టి వెళ్లిపోయాను. అది ఇంగ్లీషులో ఉంది. లతీఫ్‌కి ఇంగ్లీషు రాదు. అడగడానికి మొహమాటం.

పద్దెనిమిది రోజులు పని చేశాడు. ఆ పని చూస్తే ముచ్చటేసేది. పలక పలకకీ మధ్య సందులో దారం పెట్టి చూసేవాడు. దారం దూరిందంటే పలక పైకెత్తి, కింద కాలు అర మర తిప్పి, మళ్లీ దించేవాడు. పక్కన పలకలందించే దుర్గారావు విసుక్కునేవాడు. "ఎవుడు సూత్తాడు బావా ఈ సందులు?" అంటే, "నాను సూత్తాను గదేటి" అనేవాడు లతీఫ్.

ఆఖర్న నలభై పలకలు మిగిలాయి. వాటినిండా చిల్లులే. ఇంటి జాలీల్లా అందంగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే నేను సింహాచలం మొక్కు తీర్చుకోవడానికి రెండు రోజులు సెలవు పెట్టాను. తిరిగొచ్చేసరికి హాలు మధ్య వెడల్పు నడవలో ఎనిమిది రేకల ఇనుప పువ్వు విచ్చుకుని ఉంది.

నిజం చెప్పొద్దూ, బాగుందనుకున్నాను. డ్రాయింగు విప్పి చూడాలని నాకు తోచలేదు.

తర్వాతి వారం నడవకి అటూ ఇటూ బీరువాల్లాంటి రాక్‌లు, వాటి వీపులు నడవ వైపుకి వచ్చేలా నిలబెట్టారు. కంప్యూటర్లు ఇంకా రాలేదు. వాటి బదులు హీటర్లు పెట్టి, హాలు చల్లబడుతుందో లేదో పరీక్షించడానికి ధనశ్రీ అనే ఇంజనీరు వచ్చింది. గాజువాక పిల్లే. మాటలు తక్కువ. హీటర్లు వేసిన అరగంటకి పువ్వు మీద నిలబడ్డవాళ్లు చలికి చేతులు రుద్దుకుంటున్నారు. రాక్‌ల దగ్గర మాత్రం వేడి నలభై డిగ్రీలు దాటి హెచ్చరిక గంట గణగణా మోగింది.

శివరామకృష్ణ పరుగున వచ్చి నేల చూశాడు.

"ఎవుడేసాడీ పువ్వు?"

"నానే సార్" అన్నాడు లతీఫ్ ముందుకొచ్చి. మెచ్చుకుంటున్నాడనుకున్నాడు పాపం.

"రేపట్నుంచి రాకు."

లతీఫ్ ముఖం మాడిపోయింది. నేను నోరు విప్పాల్సిన క్షణం అదే. విప్పలేదు. నా ఉద్యోగం ఏమవుతుందోనని మనసులో లెక్కలు వేసుకుంటూ గోడకేసి చూశాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. లతీఫ్ వంగి దారపు ఉండ, లెవెల్ కర్ర సంచిలో పెట్టుకోవడం చూశాక గానీ నేను ముందుకు రాలేదు.

"తప్పు నాది బాబూ. చిల్లులు ఎందుకో నేను చెప్పలేదు. వేశాక చూసి కూడా ఊరుకున్నాను. పంపిస్తే నన్ను పంపించండి."

శివరామకృష్ణ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ధనశ్రీ గడియారం చూసి, "సాయంత్రం అయిదుకి మళ్లీ పరీక్ష పెడతాను. ఈలోపు సరిచేసుకోండి" అంది. "సరే, అయిదుదాకా సూత్తాను" అన్నాడు శివరామకృష్ణ.

నేను నేల మీద చతికిలబడి ఒక పలక పైకెత్తించాను. "చెయ్యి పెట్టు భాయ్." పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. లోపల చల్లగాలి హోరు.

"ఏసీ యంత్రాలు గాలిని ఈ నేల కిందికి తోస్తాయి. ఎక్కడ చిల్లులుంటే అక్కడే పైకొస్తుంది. రాక్‌లు ముందువైపు నుంచి ఆ చలవ పీల్చుకుని, వెనకవైపు వేడి వదుల్తాయి. అందుకని చిల్లుల పలకలు రాక్‌ల ముందే ఉండాలి. నీ పువ్వు వాటి వీపుల వెనక పడింది. చలవ దారి తప్పకుండా చేర్చడానికే ఈ నేల ఎత్తడం."

లతీఫ్ ఆ గుంతలోకి మళ్లీ చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత నాకేసి చూశాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"పద్దెనిమిది రోజులు నా పక్కనే తిరిగినారు గదా సార్. ఈ రెండు ముక్కలు అప్పుడు సెప్పలేపోయారా?"

"చెప్పాల్సింది భాయ్" అన్నాను.

లతీఫ్ లేచాడు. తన పువ్వుని తనే రేక తర్వాత రేక విప్పాడు. చిల్లుల్లో కొక్కెం దూర్చి ఒక్కో పలకా ఎత్తి, రాక్‌ల ముందు వరసగా పరిచాడు. పువ్వు ఉన్నచోట మామూలు పలకలు పెట్టాడు. అంత తొందరలోనూ ప్రతి సందులో దారం పెట్టి చూడ్డం మానలేదు.

అయిదుకి హీటర్లు వేశారు. వేడి ఇరవై అయిదు దగ్గర ఆగిపోయింది. గంట మోగలేదు. ధనశ్రీ మూడు ఏసీల్లో ఒకటి ఆపించింది. అయినా అంకె కదల్లేదు. ఆవిడ లతీఫ్ దారమే అడిగి తీసుకుని, వంగి, పలకల సందుల మీద పట్టుకుంటూ హాలంతా తిరిగింది. దారం ఎక్కడా వణకలేదు.

"వేరేచోట్ల సందుల్లోంచే సగం గాలి పోతుంది సార్" అంది శివరామకృష్ణతో. "ఇక్కడ బొట్టు గాలి కూడా పోవట్లేదు. రెండు ఏసీలతో సరిపోతోంది. ఎవరేసారండీ ఈ నేల?"

పొద్దున్న ఇలాంటి ప్రశ్నకే దెబ్బతిన్న లతీఫ్ ఈసారి నోరెత్తలేదు. నా వైపు చూశాడు.

"లతీఫ్ మేస్త్రి" అన్నాను, హాలంతా వినపడేలా.

శివరామకృష్ణ బుర్ర గోక్కున్నాడు. "సరే. మిగతా రెండు హాళ్లూ మీరే ఎయ్యండి మేస్త్రీ" అన్నాడు. పొద్దుటి 'రాకు' సాయంత్రానికి 'ఎయ్యండి' అయింది.

"ఏత్తాను సార్. కానీ పని మొదలెట్టే ముందు ఏది ఎందుకో ఈ సారు మా అందరికీ కూకోబెట్టి సెప్పాల" అన్నాడు లతీఫ్. నేను తలూపాను.

బయటికొచ్చి టీ తాగుతుండగా ఇంటికి ఫోన్ చేసి భార్య షబానాకి చెప్పాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, మెల్లగా అడిగాడు.

"సార్, ఈ బిల్డింగు మొత్తంలో గాలి అక్కర్లేని గదొక్కటైనా ఉందేటి?"

టీ పక్కన పెట్టి డ్రాయింగు విప్పాను. ఈసారి ఇద్దరం కలిసి వెతికాం. మెట్ల దగ్గర, అందరూ లోపలికొచ్చే చోట, మామూలు రాతినేల వెయ్యాల్సిన జాగా ఉంది. ఎనిమిది రేకలకి సరిగ్గా సరిపోతుంది.