లంకని అచ్చు వేశాను

సైక్లోస్టైల్ యంత్రం మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఎనభైల మొదట్లో నేను రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగు టీచర్ని. పరీక్ష పేపర్లు తీయడానికి బడిలో ఆ యంత్రం ఒకటుండేది. పిడి తిప్పితే ఒక కాగితం వెలిసిపోయి వచ్చేది, ఇంకొకటి నల్లగా అలుక్కుపోయి వచ్చేది, మరొకటి అసలు రాకుండా లోపలే నలిగి కూర్చునేది. ప్రశ్నపత్రాలైతే పిల్లలే ఎలాగో కూడబలుక్కుని చదువుకునేవారు. నేను దాని మీద అచ్చు వేయాలనుకున్నది మా గోదావరి లంకని.

ఆ పిచ్చి అంటించింది మా తమ్ముడు. వాడు సరుకుల ఓడలో పనిచేసేవాడు. ఒకసారి సెలవుకి వస్తూ ఏ దేశపు రేవులోనో కొన్న ఆట ఒకటి తెచ్చాడు. అందులో ఒకరు కథ నడపాలి. మిగతావాళ్ళు తలో పాత్రా తీసుకుని ఆ పాత్రలాగే మాట్లాడాలి. ఏం జరిగిందో పాచిక తేలుస్తుంది. కథ జరిగే చోటు మాత్రం చదరపు అట్టముక్కల మీద ఉంటుంది. ఒక ముక్క మీద మెట్లు, ఒకదాని మీద సొరంగం, ఇంకోదాని మీద తలుపు. ముక్కకి ముక్క ఆనించుకుంటూ పోతే నేల మీద కోట తయారవుతుంది. తీరా పెట్టె తెరిస్తే సముద్రపు గాలికి ముక్కలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. మనమే చేసుకుందాంలే అక్కా, నువ్వు బొమ్మలు వేస్తావుగా అన్నాడు వాడు. వాడి సరదా వాడిది. నాకు మాత్రం పెదనాన్నగారు గుర్తొచ్చారు.

పెదనాన్నగారు గోదావరి పాయ మధ్యలో ఉన్న లంకలో ఉండేవారు. నాన్న పోయాక నన్నూ తమ్ముణ్ణీ చదివించింది ఆయనే. ఏటా వరద వచ్చినప్పుడల్లా నది ఆ లంక అంచుని కోసుకుపోయేది. ముందటేడు కోత ఆయన పశువుల పాకదాకా వచ్చేసింది. ఆయన్ని ఇవతలి గట్టుకి తెచ్చేసుకోవాలని నా పట్టుదల. నేనూ అమ్మా అద్దెకుంటున్న ఇంట్లో వెనక గది నిండా ఇంటివాళ్ళ కొబ్బరి పీచు డొక్కలుండేవి. వాళ్ళతో పేచీ పడి ఆ గది ఖాళీ చేయించాను. పెదనాన్నగార్ని ఎప్పుడు రమ్మన్నా, "ఆయ్, అలాగే, చూద్దాంలేమ్మా" అనేవారు. మా వైపు మర్యాదగా రాననడం అదే. గట్టిగా రానంటే వాదించొచ్చు, ఆ ఆయ్‌తో ఎవరు వాదిస్తారు? అందుకే ఆయన లంకనే ఆటగా చేసి, ఆయన ముందే పరిచి, వరద వచ్చి ఆయన ఇంటి ముక్కని తీసుకుపోతే ఏమవుతుందో కళ్ళారా చూపిద్దామనుకున్నాను. వరదలకి ఇంకా వ్యవధి ఉంది.

యంత్రానికి తొడిగే స్టెన్సిళ్ళు అమలాపురం వెళ్ళి కొనుక్కొచ్చాను. మైనం పూసిన ఆ పల్చటి కాగితం మీద ఇనుప ములికితో గీయాలి. అది అక్షరాలకి ఓర్చుకుంటుంది గానీ పొడుగాటి గీత గీస్తే బర్రున చిరుగుతుంది. గుండ్రంగా గీస్తే మధ్యలో ఉన్నది ఊడి చేతికొస్తుంది. నేను చెరువు గీస్తే చెరువే రాలిపోయింది. ఏ ముక్క పక్కన ఏ ముక్క పెట్టినా పాయ కలవాలని, ప్రతి ముక్కకీ అంచు సరిగ్గా మధ్యలో నది మొదలయ్యేట్టు స్కేలు పెట్టి గీశాను. ఆ దిక్కుమాలిన యంత్రం స్టెన్సిల్‌ని సాగదీసి నా కొలతలన్నీ గంగలో కలిపింది. ఒక ముక్కలో నది మధ్యలో పారుతుంటే పక్క ముక్కలో కొబ్బరితోటలోంచి పారింది. సిరా మరకలు పోగొట్టడానికి చేతులు తోముకుని తోముకుని తోలు ఊడింది తప్ప, ఒక్క ముక్క కుదరలేదు.

మళ్ళీ గీశాను. మళ్ళీ తీశాను. కాస్త బాగా వచ్చినవాటిని బట్టలకొట్టు అట్టపెట్టెల మీద మైదా జిగురుతో అంటించాను. తొలకరి చెమ్మకి అవి అప్పడాల్లా లేచి కూర్చున్నాయి. బియ్యం బస్తా కింద పెడితే చదునయ్యాయి గానీ మైదా రుచి మరిగిన ఎలుక, పడవల రేవు గీసిన ముక్కకి మూల కొరికేసింది. మా అమ్మ అయితే అన్నిటికన్నా బాగా వచ్చిన ముక్కని పాలగిన్నె మీద మూతగా పెట్టేసింది. నేను నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, అట్టముక్కేగా అని ఆవిడ నన్నే వింతగా చూసింది. తమ్ముడు ఒక మూల కూర్చుని నవ్వుతున్నాడు. ఆ రోజు ఇద్దరితోనూ మాట్లాడలేదు.

చివరికి ఒక ఆదివారం మిగిలిన ముక్కలు సంచిలో వేసుకుని నేనూ తమ్ముడూ పడవలో పాయ దాటాం. పెదనాన్నగారి అరుగు మీద పరిచాం. పక్కింటాయనా, ఆయన భార్యా వచ్చి కూర్చున్నారు. పాత్రలు తీసుకోమంటే మొదలైంది తంటా. పక్కింటాయన్ని పడవ సరంగుననుకోమంటే, "నాకు తెడ్డెయ్యడం రాదు కదండీ" అన్నాడు. ఆవిడని కొబ్బరికాయల షావుకారు అనుకోమంటే సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెదనాన్నగారు, నేను నేనే అయితే కుదరదా అమ్మా అని అడిగారు. ఎవరికి వాళ్ళే ఉండండి, మహాప్రభో అన్నాను. తలో నేలముక్కా ఇచ్చి, ఒక్కోదాని మీద చింతగింజని ఇల్లుగా పెట్టాం. కోత పడే అంచున పెదనాన్నగారి ముక్కని కావాలనే పెట్టాను.

తమ్ముడు వర్షం, వరద అంటూ కథ ఎత్తుకున్నాడు. పాచిక వేశాడు. నేను అనుకున్నట్టే పెదనాన్నగారి ముక్క పోయింది. దాన్ని తీసి సంచిలో వేసి, ఇంక మీరు ఆటలో లేనట్టే పెదనాన్నగారూ అన్నాను.

పక్కింటాయన ఏ మాత్రం కంగారు పడలేదు. చూరులోంచి కొడవలి తీసి, తన ముక్కని నేలకి అదిమిపెట్టి, సగానికి కోసేశాడు. నేను కెవ్వుమన్నాను. ఎన్ని స్టెన్సిళ్ళు చింపుకుంటే వచ్చిన ముక్క అది! ఆయన నా కేక విని తెల్లబోయాడు. "పంచుకోవద్దాండీ మరి?" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. ఆ లంకలో పద్ధతి అదే. వరద తీశాక మిగిలిన నేలంతా తాడేసి కొలిచి, అందరూ మళ్ళీ మొదట్నుంచీ పంచుకునేవారు. పాకలు విప్పి వెనక్కి జరుపుకునేవారు. నది ఎవరి చేను తిన్నా అందరి చేనూ కొంచెం కొంచెం పోయినట్టే లెక్క. చిన్నప్పుడు ఆ తాడు కొస నేనూ పట్టుకున్నదాన్నే. స్కేలు పెట్టి అన్ని గీతలు గీసినదాన్ని ఆ సంగతి మాత్రం మరిచిపోయాను.

తమ్ముడు మళ్ళీ పాచిక వేశాడు. మళ్ళీ ఒక ముక్క పోయింది. మళ్ళీ కోసుకున్నారు. కాసేపటికి నా లంకంతా వేలెడేసి పీలికలైంది గానీ ఒక్కరూ ఓడరు. ఇలా అయితే ఇది ఆటే కాదు, ఎవరో ఒకరు పోవాలి కదా అని అరిచాను. ఏడుపొక్కటే తక్కువ. పెదనాన్నగారు పీలికలని వరసగా సర్దుతూ, "పోయి ఎక్కడికెళ్ళాలమ్మా? ఇందులో గట్టేదీ?" అని అడిగారు.

నిజమే. లంక వేశాను, పాయ వేశాను, రేవు వేశాను. గట్టు వేయలేదు. సంచిలో మిగిలిన ఖాళీ అట్టముక్క తీసి పెన్నుతో గీసిచ్చాను. గట్టు, దాని మీద రోడ్డు, రోడ్డు పక్కన మా ఇల్లు, వెనక గదికి ఒక కిటికీ. ఈ గది మీదే, సున్నం కూడా వేయించాను, వరదలకి ముందే వచ్చేయండి పెదనాన్నగారూ అన్నాను. అది ఆట కాదని అందరికీ తెలుసు.

ఆయన ఆ ముక్కని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. అందరి మధ్యలో పెట్టారు. పక్కింటి వాళ్ళిద్దరూ వంగి చూశారు. పెదనాన్నగారు కొడవలి అందుకుని దాని అంచున ఆనించి నాకేసి చూశారు.

"దీన్ని ఎన్ని ముక్కలు కొయ్యమంటావమ్మా?"

మీ ఒక్కరికే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వాళ్ళిద్దరూ ఎదురుగా కూర్చునుంటే ఎలా అంటాను? ఆయన మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆయన కొడవలి పక్కన పెట్టి, ఆ ముక్కని కండువాతో తుడిచి నా చేతిలో పెట్టారు.

"చిన్నదిలేమ్మా, నీ దగ్గరే ఉంచుకో" అన్నారు.

ఆ ఏడు వరదకి పెదనాన్నగారి ఇల్లు పోయింది. పక్కింటాయన తన పెరట్లో సగం ఆయనకి తాడేసి కొలిచి ఇచ్చాడు. మా వెనక గది ఖాళీగానే ఉంది.