డ్రమ్ము ఆపే హక్కు

ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో మా ఎరువుల ఫ్యాక్టరీ ఉంది. మొదట అది రైతుల సంఘానిది, నేను అందులో గుమాస్తాను. గుళికల డ్రమ్ము నడిపే మనిషి మద్దిలేటి. ఎరువు పొడి మీద నీళ్లు చిలకరిస్తే, తిరిగే డ్రమ్ములో అది గుళికలవుతుంది. కానీ పొడి లోపలి గోడకు అట్టు కట్టిందంటే గుళికలు రావు, గడ్డలొస్తాయి. మద్దిలేటి డ్రమ్ము స్టాండు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, అట్టు ఎంత మందం కట్టిందో చెప్పేవాడు. మొదట్లో ఇతనికేదో పిచ్చి అనుకున్నాను.

సంఘంలో డ్రమ్ము ఆపాలంటే మేనేజరు సంతకం కావాలి. ఆ మహానుభావుడు ఎప్పుడు చూసినా నంద్యాలలో మీటింగులోనే. ఆయన వచ్చేలోపు అట్టు రాయి అయ్యేది. రోజుకు నలభై టన్నులు చేయాల్సిన ఫ్యాక్టరీ పదిహేనుకే చతికిలబడేది. తప్పెవరిదంటే అందరి వేళ్లూ పక్కవాడి మీదికే.

చివరికి సంఘం చేతులెత్తేసింది. ఫ్యాక్టరీని నంద్యాల వ్యాపారి లక్ష్మీనారాయణ శెట్టి కొన్నాడు. వచ్చిన రోజే తేల్చి చెప్పాడు.

"నెల చూస్తా. నలభై టన్నులు రాకుంటే మిషన్లు పాత ఇనుముకు ఏస్తా."

ముప్పై ఇళ్లల్లో పొయ్యి వెలగాలా వద్దా అన్న మాట అది. అందరం బిక్కచచ్చిపోయాం. మద్దిలేటి ఒక్కడే ముందుకొచ్చాడు.

"ఎవుర్నీ అడక్కుండా డ్రమ్ము నిలిపే హక్కియ్యి సార్. ఇంకేం వద్దు."

"నిలిపితే సరుకు యాడ వస్తాదప్పా?"

"నిలిపితేనే వస్తాది."

మొదటిరోజు ఆరుసార్లు ఆపాడు. ఆపినప్పుడల్లా పావుగంటలో అట్టు గీకించి మళ్లీ తిప్పాడు. శెట్టి పళ్లు నూరాడు గానీ మాట తప్పలేదు. ఇరవయ్యో రోజు తూకంలో నలభై రెండు టన్నులు! అదే డ్రమ్ము, అవే చేతులు. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. పన్నెండేళ్లు పక్కనే ఉండి ఇంత మనిషిని గుర్తించలేకపోయానే అని సిగ్గేసింది.

శెట్టి కూడా నోరెళ్లబెట్టాడు. "ఇంత తెలిసినోడివి, సంఘంలో ఉన్నప్పుడే ఎందుకు చెప్పలేదప్పా?"

చెప్పకేం, చెప్పాడు. డ్రమ్ము ఆపే హక్కు కావాలని మద్దిలేటి అప్పట్లోనే నాచేత ఏడు అర్జీలు రాయించాడు. మేనేజరు చిరాకు పడతాడని ఒక్కటీ పంపకుండా బీరువాలో పడేసింది నేనే. అది మద్దిలేటికి తెలుసు.

అతను నా వైపు చూడనైనా లేదు.

"అప్పుడు నాకు తట్టల్యా సార్" అని డ్రమ్ము దగ్గరికి వెళ్లిపోయాడు.