అల్లూరు నుంచి బిట్రగుంట దాకా ఒక పసుపు లైటు

ఎవరైనా సముద్రం చూడటానికి బయలుదేరతారు, లేదా మొక్కు తీర్చుకోవడానికి. నేను మాత్రం నా కారు డ్యాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మతో వెలిగే చిన్న పసుపు లైటు పుణ్యమా అని బయలుదేరాను. చిన్నప్పుడు పోలియో రావడంతో నా కాళ్లు పెడళ్లు తొక్కలేవు. అందుకని గేర్లు వాటంతటవే పడే కారు కొని, స్టీరింగు పక్కన ఒక ఇనుప లివరు పెట్టించుకున్నాను. దాన్ని ముందుకు నెడితే బ్రేకు, నా వైపు లాగితే యాక్సిలరేటరు. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో నా ఉద్యోగం. ఈ కారు రాకముందు శాంపిళ్ల కోసం ఎవరి బండి వెనకాలో కూర్చుని, వాళ్లకు తీరికైనప్పుడు వెళ్లి, వాళ్లకు విసుగొచ్చినప్పుడు తిరిగొచ్చేదాన్ని. ఇలాంటి కారు నడిపేవాళ్లు, నడపాలనుకునేవాళ్లు చదువుతారనే ఇదంతా రాస్తున్నాను.

లైటు గొడవ మొదలై రెండు నెలలైంది. ముందున్న బండిని దాటాలని లివరు గట్టిగా లాగగానే ఇంజను నీరసపడిపోయేది, లైటు వెలిగేది. నెల్లూరులో రెండు చోట్ల చూపించాను. ఇద్దరూ లోపం పట్టే మిషను తగిలించి ఒకే మాట చెప్పారు: "బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి నొక్కుతున్నట్టు చూపిస్తోంది మేడం. మీరే కలిపి నొక్కుతున్నారేమో." బ్రేకు స్విచ్చి మార్చారు, లైటు ఆర్పారు, వాళ్లే ఒక చుట్టు నడిపి చూసి భేషుగ్గా ఉందన్నారు. వారం తిరగకుండా మళ్లీ వెలిగింది. మా తమ్ముడు పెంచలయ్య వ్యవసాయం చేస్తాడు, నెమ్మదస్తుడు. వాడు కూడా ఒకరోజు నసుగుతూ అన్నాడు కదా, "రెండు కాళ్ల పని ఒక్క చేత్తో గదక్కా. తడబడతా ఉండాదేమో." ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. కోపంలో నోరు జారాను. "ఇంకొక్కసారి వెలిగితే అమ్మేస్తాను, నువ్వే బేరం చూడు" అన్నాను. వాడు నిజంగానే చూశాడు. శుక్రవారం లైటు వెలిగింది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి కారు చూసుకోవడానికి వస్తామని కావలి నుంచి కొనేవాళ్ల ఫోనొచ్చింది. ఇచ్చిన మాట ఇచ్చిన మాటే. నాలుగింటిలోగా రోగమేమిటో తేలకపోతే మళ్లీ ఎవరి బండి వెనకాలో కూర్చోవడమే.

చెరువుల మీద డీజిలింజన్లతో పాటు కార్లు కూడా బాగుచేసే మస్తాన్ అన్న పేరు మా రైతుల నోట ఎప్పుడూ వింటుంటాను. బిట్రగుంట రైల్వే కాలనీ దాటాక ఆయన రేకుల షెడ్డు ఉంటుంది, ఆదివారం కూడా తెరుస్తాడు. ఆ ఆదివారం పొద్దున ఆరున్నరకు అల్లూరులో బయలుదేరాను. మామూలుగా ముప్పావుగంటలో చేరిపోవచ్చు కానీ, కోతల రోజులు కావడంతో రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఈ కాలంలో వచ్చేవాళ్లు ఇంకో పావుగంట కలుపుకోండి, వడ్ల మీద నుంచి మాత్రం పోనివ్వకండి. దారిలో ఒక ఆటోను దాటబోయి లివరు బలంగా లాగాను. కారు ఎప్పటిలాగే మూలిగింది, ఎలాగో దాటాను. రైలు గేటు పడి ఉంటే ఆగాను. ఆ ఆటో వచ్చి నా పక్కనే ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి నన్ను తేరిపార చూశాడు.

"అక్కా, ఏమనుకోబాక. బ్రేకేస్తా బండిని దాటతారా ఎవురన్నా?"

"నేనెక్కడ వేశాను బ్రేకు?"

"నన్ను దాటేటప్పుడు నీ ఎనక లైట్లు రెండూ ఎర్రంగా ఎలిగినాయి. నేను కళ్లారా చూసినా."

ఇతను కూడానా అని ఒళ్లు మండింది. అద్దం పైకెత్తేశాను. కానీ గేటు దాటాక నా చెయ్యి లివరు మీద ఎలా ఉందో నేనే దొంగచూపులు చూసుకున్నాను. రెండు నెలలుగా అందరూ అంటున్న మాట నిజమేనేమో అన్న భయం మొదటిసారి కలిగింది. స్టేషను బయట చిన్న హోటలు ముందు ఆగాను. మెట్లు ఎక్కలేనని చెబితే దోసెలు పోసే ఆవిడే కారు దగ్గరికి పట్టుకొచ్చింది. రెండు కారం దోసెలు, టీ కలిపి తొంభై రూపాయలు. కారం నషాళానికంటింది, కాస్త ధైర్యమూ వచ్చింది.

ఎనిమిదింటికి షెడ్డు చేరాను. మస్తాన్ అన్నకు అరవై దాటి ఉంటాయి, నెరిసిన గడ్డం, మెడలో ఆయిలు మరకల తువ్వాలు. స్టీరింగు కింద చిన్న మిషను తగిలించి ఫోనులో చూశాడు. "రెండూ కలిపి నొక్కతా ఉన్నావంటాందమ్మా ఇది" అన్నాడు. నేను నీరుగారిపోయాను. ఒక చుట్టు నడిపి చూస్తాడేమోనని తాళాలు ఇవ్వబోయాను. ఆయన తీసుకోలేదు.

"నాకెందుకమ్మా? ఇంతకుముందు చూసినోళ్లు నువ్వు నడపతా ఉంటే పక్కన కూర్చోని చూసినారా?"

"లేదన్నా. వాళ్లే కాలితో నడిపి చూశారు."

"అదీ సంగతి. మా నాయన ఈడ రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు. ఇంజను బాగలేదని డ్రైవరొస్తే, ముందు ఆయప్పతో కూడా ఎక్కి ఒక చుట్టు పోయొచ్చేవోడు. డ్రైవరు చేతులు చూడకుండా స్పానరు పట్టుకోబాక అనేవోడు నాతో. పోనియ్యి, నేను చూస్తా."

సముద్రం వైపు పోయే రోడ్డు ఖాళీగా ఉంది. అంత పెద్దమనిషి సీటు వెనక్కి జరుపుకొని, సగానికి మడత పడి, టార్చి పట్టుకొని స్టీరింగు కిందికి తల దూర్చాడు. "లాగమ్మా" అన్నాడు. లాగాను. "ఇంకా." ఇంకా లాగాను. "పూర్తిగా లాగు, భయపడబాక." కారు మూలిగింది. కింద నుంచి నవ్వు వినిపించింది. "ఆపు, ఆపు. దొంగ దొరికినాడు."

కారు పక్కకు ఆపాక నన్ను కూడా వంగమని చూపించాడు. నా లివరు పైభాగం నా వైపు లాగితే కింది కొస ముందుకు పోతుంది. ఆ కొసకూ, బ్రేకు పెడలుకూ కలిపి ఎవరో ఒక నల్లతాడు కట్టారు. తాడుకు పటిక ముక్క, గవ్వ. దిష్టితాడు! మెల్లగా లాగినంత సేపూ తాడు వదులుగానే ఉంటుంది. పూర్తిగా లాగితే బిగుసుకొని బ్రేకును వెంట్రుకవాసి కిందికి ఈడుస్తుంది. వెనక లైట్లు వెలుగుతాయి, ఇంజను తనంతట తానే బలం తగ్గించుకుంటుంది, పసుపు లైటు వస్తుంది. కాలితో నడిపితే లివరు కదలదు కాబట్టి నెల్లూరు వాళ్లకు ఏ తేడా తెలియలేదు; తాడు కనిపించినా మామూలు దిష్టితాడేలే అనుకొని ఉంటారు. నేను కత్తెర ఉందా అని అడిగాను. మస్తాన్ అన్న ఒప్పుకోలేదు. "ఎవురో నీ మంచి కోరి కట్టుంటారు, కొయ్యగూడదు" అంటూ పది నిమిషాలు కష్టపడి ముడులు విప్పి, తాడు నా చేతిలో పెట్టాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. నా చెయ్యి తడబడలేదు. రెండు నెలల్లో ఒక్కసారి కూడా తడబడలేదు. ఆయన నా వైపు చూడకుండా తువ్వాలుతో అద్దం తుడుస్తూ కూర్చున్నాడు. తర్వాత లైటు ఆర్పి, రెండు వందలు తీసుకున్నాడు. తిరుగుదారిలో ఒక ట్రాక్టరునూ, రెండు ఆటోలనూ దాటాను. అవసరం లేకపోయినా దాటాను.

పదకొండింటికి ఇల్లు చేరి, తాడు తీసి పెంచలయ్య ముందు పెట్టాను. వాడి మొహం పాలిపోయింది. కారు కొన్న కొత్తలో ముందు బంపరుకు వాడు కట్టిన దిష్టితాడును నేనే పీకి పారేశాను, ఇదేమైనా గుమ్మానికి కట్టే గుమ్మడికాయా అని వెక్కిరించాను కూడా. నాకు కనపడకుండా ఉండాలని రెండు నెలల కిందట ఈసారి లోపల కట్టాడట.

"నువ్వు ఒక్కదానివే చెరువు గట్ల మీద పోతా ఉంటే నాకు ముద్ద దిగదక్కా. ఇట్టా అవుతాదని నాకేం తెలుసు? నా చేతులతో నేనే నీ బ్రేకుకు..."

"ముందు కావలి వాళ్లకు ఫోను చెయ్యి" అన్నాను. చేశాడు. బేరం లేదన్నాడు.

నాలుగింటికి, వాళ్లు రావాల్సిన వేళకు, వాణ్ణి కారెక్కించుకొని ఇసకపల్లి బీచికి బయలుదేరాను. కారు కొన్నాక వాడు నా పక్కన కూర్చోవడం అదే మొదలు. మొదట్లో సీటు పట్టీ గట్టిగా పట్టుకున్నాడు, ప్రతి మలుపులో లేని బ్రేకును కాలితో తొక్కాడు. చెరువుల మధ్యకు వచ్చేసరికి పట్టీ వదిలి నా చెయ్యి చూడటం మొదలుపెట్టాడు. చాలాసేపు చూశాడు. "ఇంత సుళువుగా నడపతావని నాకు తెలవదక్కా" అన్నాడు. నా గురించి భయపడినవాళ్లూ, నన్ను తప్పుపట్టినవాళ్లూ ఎవరూ నేను నడపడం పక్కన కూర్చుని చూడనే లేదని నాకు అప్పుడు తెలిసింది. అమ్మయ్య అనుకున్నాను, గాలి చల్లగా తగిలింది. ఆ తాడును వెనక బంపరుకు వాడి చేతే కట్టించాను. మీ కారులో కూడా చేతి లివరు ఉంటే ఈ ఒక్కటి గుర్తుంచుకోండి: మెకానిక్కుకు తాళాలు ఇచ్చి బయట నిలబడకండి. స్టీరింగు ముందు మీరే కూర్చుని, ఆయన్ను పక్క సీట్లో ఎక్కించుకోండి.