రెండు చేపల బాడుగ

మా ఆవిడ కాలు విరగకపోతే నేను కారు కొని ఉండేవాణ్ణి కాదు. బరంపురంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల పంతులుని. ఇంటికీ బడికీ మధ్య సైకిలు చాలు నాకు. ఒరిస్సా వేరే రాష్ట్రమై, మా ఊరు మద్రాసు చేతిలోంచి కటకం చేతిలోకి మారిన కొత్తలో, ఆవిడ పుట్టింటినుంచి జట్కాలో వస్తుంటే గుర్రం బెదిరి బండి తిరగబడింది. తుంటి ఎముక విరిగింది. అతికింది గాని వంకరగా అతికింది. అప్పటినుంచి గోడ పట్టుకుని నడిచేది. జట్కా ఎక్కడానికి కాలు పైకి లేవదు. ఎవరైనా ఎత్తి కూర్చోబెడతామన్నా ఒప్పుకునేది కాదు. వీధిలో గుర్రం డెక్కల చప్పుడైతే ఆవిడ వంటింటి తలుపు మూసేసేది. మూడేళ్ళు మా వీధి మలుపు దాటలేదు.

చికిటి వైపు ఒక ఎస్టేటు మేనేజరు వాడి వదిలేసిన కారు అమ్మకానికుందని తెలిసి చూడబోయాను. గొడ్ల పాకలో ఉంది. వెనకసీటులో కోడి పొదుగుతోంది. కాన్వాసు టాపు రెండుచోట్ల చిరిగింది, ఒక దీపం అద్దం లేదు, హాండిలు పదిసార్లు తిప్పితే గాని పలకదు. అయితే ఫుట్‌బోర్డు వెడల్పుగా, నేలకి దగ్గరగా ఉంది. తలుపు వెనక్కి పూర్తిగా తెరుచుకుంటుంది. మనిషి ముందు సీటు మీద పక్కవాటుగా కూర్చుని, తరవాత కాళ్ళు లోపలికి తిప్పుకోవచ్చు. నేను చూసింది అదొక్కటే. అడిగేవాళ్ళు వేరే ఎవరూ లేరు గనక నాకు దక్కింది.

ఇంటికి తెచ్చిన రోజున ఆవిడ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. తరవాత ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్ళి కూర్చుంది.

"ఏవండీ, ఇది బెదరదు కదా?" అంది.

బెదరదన్నాను.

ఆ కారు మా వీధివాళ్ళకి నచ్చలేదు. సైకిలు మీద వెళ్ళినన్నాళ్ళూ నేను వాళ్ళకి పెద్దమనిషిని. కొత్త కారు కొని ఉంటే ఎక్కడిదో డబ్బనుకుని దండాలు పెట్టేవారు. పాత కారు మాత్రం సహించలేకపోయారు. అందని దానికి చెయ్యి చాపినవాణ్ణి చూసినట్టు చూసేవారు. "బడిపంతులికి కారేటి, అదీ ఆ డొక్కు కారేటి" అని నీళ్ళ కుళాయి దగ్గర అనుకోవడం మా ఆవిడ చెవిన పడేది. మా బళ్ళో తోటి పంతుళ్ళు నా రబ్బరు బూర వినపడగానే, "ఇక బడిగంట ఎందుకండీ, జవానుకి ఆ పని తప్పింది" అనేవారు. వాళ్ళలో నవ్వనివాడు ఒకడే, మా డ్రాయింగు మాస్టారు. ఒడియా ఆయన. మా ఇద్దరికీ మధ్యాహ్నం కలిసి టీ తాగే అలవాటు.

మా బడి సెక్రటరీ బట్టల హోల్‌సేలు వ్యాపారి. మా తెలుగువాళ్ళలో పెద్ద. ఆయన కూతురి పెళ్ళికి ఇద్దరం కార్లో వెళ్ళాం. పందిరి ముందు ఆపబోతే గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు.

"పంతులు గారూ, ఏటనుకోకండి. బండి అలా ఎనక సందులో ఎట్టండి. ముందర పెద్దోళ్ళ కార్లు ఆగాల."

"మా ఆవిడ నడవలేదయ్యా. దింపేసి తీసుకుపోతాను."

"సెక్రటరీ గారు సూస్తన్నారండి. నా మాట ఇనండి."

సెక్రటరీ గారు చూస్తూనే ఉన్నారు. నేను సందులోకి తిప్పాను. అక్కణ్ణుంచి పందిట్లోకి ఆవిడ నా భుజం పట్టుకుని నడిచింది. కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ ఆ నడక చూశారు. భోజనాల దగ్గర ఆవిడ ముద్ద ఎత్తలేదు.

పోలీసుల సంగతి వేరు. మేనేజరు చేతిలో ఉన్నప్పుడు ఆ కారుకి బజార్లో సలాములు కొట్టేవారట. నా చేతిలోకి వచ్చాక అదే కారుని వారానికొకసారి ఆపేవారు. మొదటిసారి ఆపిన కానిస్టేబులు నన్ను కిందికి దిగమని, "ఓనరు ఎక్కడ?" అన్నాడు. నేనే ఓనరునంటే నా ధోవతి నుంచి చెప్పుల దాకా చూసి నవ్వాడు. మద్రాసు నంబరు ఎందుకు ఉందన్నాడు. కొత్త రాష్ట్రం నంబరు వేయించాను. దీపానికి అద్దం ఏదన్నాడు, వేయించాను. బూర మోగించమన్నాడు. బ్రేకు తొక్కమన్నాడు. నేను నడివీధిలో బ్రేకు తొక్కి చూపిస్తుంటే నా దగ్గర లెక్కలు నేర్చుకుంటున్న పిల్లలు కొట్టు అరుగుమీద నిలబడి చూసేవారు. ఆ పక్కనుంచే సెక్రటరీగారి కొత్త కారు ఏడుగురితో పోయేది. కానిస్టేబులు నన్ను వదిలి అటు తిరిగి సలాము కొట్టి, మళ్ళీ నా వైపు తిరిగేవాడు.

వాళ్ళ అనుమానం ఒకటే. డొక్కు కారు ఉన్నవాడు దొంగచాటున బాడుగకి తిప్పుతాడని. పర్మిట్టు లేకుండా మనుషుల్ని ఎక్కించుకుని డబ్బు తీసుకుంటే కేసు. అందుకని పక్కింటి ముసలాయన్ని ఆస్పత్రి దగ్గర దింపినా, "ఎంతిచ్చావ్?" అని ఆయన్ని అడిగేవారు. ఆయన మళ్ళీ నా కారెక్కలేదు.

ఒకరోజు మా ఆవిడ, సముద్రం చూసి ఎన్నాళ్ళయిందో అంది. గోపాలపురం తీసుకెళ్ళాను. దొరలూ జమీందార్లూ బస చేసే బంగళాల ముందు ఆగామో లేదో, పోలీసు వచ్చి తీసెయ్యమన్నాడు. పది అడుగులు ముందుకి తీశాను. అక్కడా వద్దన్నాడు. ఆవిడ దూరంనుంచి అలల తెల్లటి అంచు చూసి, "పోనిద్దురూ, వెళ్దాం" అంది.

అందుకని తరవాతి ఆదివారం సోనేపూర్ వెళ్ళాం. అక్కడ బంగళాల్లేవు. పడవలు, వలలు, ఎండుచేపల వాసన. మా వాళ్ళకి ఆ వాసన పడదు, ఆవిడ కొంగు ముక్కుకి పెట్టుకుంది. కాసేపటికి కొంగు తీసేసింది. ఇసకలో కారు దిగబడుతుందని గట్టుమీదే ఆపాను. నీళ్ళు ఇంకా చాలా దూరం. ఆవిడ ఫుట్‌బోర్డుమీద కూర్చుని చూస్తుంటే చేపల బుట్టలు సర్దుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు దగ్గరకొచ్చారు. ఒకామెకి యాభై దాటి ఉంటాయి, రెండోది ఆమె కోడలు.

"ఏటమ్మా, నీల్లలోకి ఎల్లవా?" అంది పెద్దామె.

"కాలు లేదమ్మా" అంది మా ఆవిడ.

"కాలు నేపోతే మావు నేవా?"

చెరో పక్కా పట్టుకున్నారు. వాళ్ళని తాకితే స్నానం చెయ్యాలనే ఇంట్లో పుట్టిన మనిషి, వాళ్ళ మెడల చుట్టూ చేతులు వేసి ఇసకలో నడిచింది. మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చాయి. అల వచ్చినప్పుడల్లా ముగ్గురూ కేక పెట్టారు. కాలు విరిగాక ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు. ఆ తరవాతా చూడలేదు.

తిరుగు ప్రయాణానికి లేచేసరికి వాన పట్టుకుంది. ఆ అత్తాకోడళ్ళు తలమీద బుట్టలతో బరంపురం సంతకి నడక మొదలుపెట్టారు. మేం వాళ్ళని దాటి పోతుంటే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఎక్కించుకుందాం."

"పోలీసులు..."

"నన్ను వాళ్ళు మోసుకెళ్ళారండీ."

ఆపాను. వాళ్ళు మొదట భయపడ్డారు. సీటు తడుస్తుందన్నారు, వాసన పడుతుందన్నారు. చివరికి ఎక్కి, వెనక సీటు వదిలి కిందనే గొంతుక్కూర్చున్నారు.

ఊరి మొదట్లో పోలీసు ఔట్‌పోస్టు. ఆ రోజు కొత్త సబిన్‌స్పెక్టరు వరండాలో ఉన్నాడు. పై ఊరినుంచి బదిలీ మీద వచ్చిన కుర్రాడు, తెలుగు రాదు. పక్కన ఉన్న హెడ్ కానిస్టేబులు మా తెలుగువాడే, నా కారు సంగతి ఆయనకి చెప్పింది వాడే.

సబిన్‌స్పెక్టరు నన్ను ఒడియాలో అడిగాడు. నేను ఒడియాలోనే జవాబు చెప్పాను: తెలిసినవాళ్ళు, వానలో నడుస్తుంటే ఎక్కించుకున్నాను, డబ్బేమీ తీసుకోలేదు. ఆయన కాస్త మెత్తబడినట్టే అనిపించింది. ఇంతలో హెడ్ కానిస్టేబులు వెనక్కి పోయి ఆ ఆడవాళ్ళని నిలదీశాడు.

"ఏటే, ఈ పంతులికి ఎంతిచ్చారు? నిజం సెప్పండి, నేపోతే లోపలెట్టేస్తాను."

"డబ్బులేటి బాబూ, మా దగ్గర ఎక్కడివి?" అంది పెద్దామె చేతులు జోడించి. "ఊరికే ఎక్కితే బాగోదని అమ్మగారి కోసం రెండు సేపలెట్టాం. అంతే బాబూ. అబద్దమాడితే కళ్ళు పోతాయి."

నాకు తెలియదు. మా ఆవిడకీ తెలియదు. సీటు కింద ఆకులో చుట్టి రెండు చేపలు పెట్టి ఉన్నాయి.

హెడ్ కానిస్టేబులు వాటిని తోకలు పట్టుకుని పైకెత్తి చూపించాడు. "బాడుగ" అన్నాడు.

"మేం చేపలు తినం" అన్నాను. "మా కులం తెలియదా నీకు?"

"తినకపోతే అమ్ముకుంటారు" అన్నాడు. వరండాలో ఉన్న కానిస్టేబుళ్ళు నవ్వారు. సబిన్‌స్పెక్టరు కాగితం తీసి రాసుకున్నాడు.

కారు అక్కడే ఉంచేయమన్నారు. ఆ అత్తాకోడళ్ళని వరండా చివర కూర్చోబెట్టి సంత ముగిసేదాకా కదలనివ్వలేదు. బుట్టల్లో చేపలు మెత్తబడిపోయాయి. మా ఆవిడని దింపి బెంచీమీద కూర్చోబెట్టారు. ఇంటికి వెళ్ళడానికి జట్కా తప్ప దారి లేదు. నేనూ బండివాడూ ఎత్తి కూర్చోబెట్టాం. దారి పొడుగునా ఆవిడ కళ్ళు మూసుకుని నా చొక్కా పట్టుకుని ఉంది.

నాలుగు రోజుల తరవాత సెక్రటరీగారు కబురంపారు. పోలీసు కాగితం బడికి వచ్చింది.

"సూడండి పంతులు గారూ" అన్నారాయన. "ఇప్పుడు మనం ఇక్కడ పరాయివాళ్ళ కింద లెక్క. మనవాడు ఒకడు కేసులో ఇరుక్కుంటే బడికి మాట వస్తది. కటకంలో గ్రాంటు ఆపేస్తారు. తప్పయిపోయిందని ఒక కాగితం రాసియ్యండి, కారు ఒదిలించుకోండి. నేను పోలీసులతో మాటాడతాను. నేదంటారా, రాజీనామా ఇయ్యండి."

"నేను తప్పు చెయ్యలేదండీ."

"అదేటి, సేపలు దొరికాయి గదా?"

సాయంత్రం డ్రాయింగు మాస్టారు ఇంటికి వచ్చాడు. "రాయవద్దు" అన్నాడు. "కోర్టుకి వెళ్ళండి. మీ కారు ఎందుకు కొన్నారో నాకు తెలుసు. నేను వచ్చి సాక్షి చెప్తాను. సబిన్‌స్పెక్టరు మావాడు గదా అని నేను వెనకాడను. ఆ ఆడవాళ్ళని కూడా తీసుకొద్దాం, వాళ్ళు నిజమే చెప్పారు."

మా ఆవిడ తలుపు చాటునుంచి వింటోంది. నేను ఆలోచిస్తానన్నాను. రాత్రంతా ఆలోచించాను అని చెప్పుకుంటే బాగుంటుంది గాని, అది నిజం కాదు. ఆయన మెట్లు దిగకముందే నేను రాయడానికి సిద్ధపడిపోయాను.

కాగితంలో మాటలు హెడ్ కానిస్టేబులు చెప్పాడు. సోనేపూర్ ఆడవాళ్ళిద్దర్నీ బాడుగకి ఎక్కించుకున్నానని, బాడుగ కింద చేపలు పుచ్చుకున్నానని, ఇక ముందు అలా చెయ్యనని రాశాను. బడిపంతులుని గనక దస్తూరీ బాగానే వచ్చింది. నామీద కేసు పోయింది.

ఇంటికొచ్చాక ఆవిడ అడిగింది. "ఏం రాశారు?"

చెప్పాను.

"వాళ్ళకి అక్షరం ముక్క రాదు. పోలీసుల ముందు నిజం చెప్పారు" అంది. ఇంకేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

కారు నెలరోజులు వానలో తడిసింది. విడిచిపెట్టినప్పుడు టాపు కుళ్ళిపోయి ఉంది. ఇంజను పలకకపోతే ఇంటిదాకా తోయించాను. లారీలు బాగుచేసేవాడు వచ్చి ఇనుము కింద లాక్కుపోయాడు. వాడు పోతుంటే మా వీధిలో ఎవరో చప్పట్లు కొట్టారు. తరవాత ఆ వీధివాళ్ళే నాతో మళ్ళీ మర్యాదగా మాట్లాడారు. బజార్లో కానిస్టేబుళ్ళు సైకిలు మీద పోతున్న నన్ను చూసి, "నమస్కారం పంతులు గారూ" అనేవారు. కొన్నేళ్ళకి సెక్రటరీగారు నన్ను హెడ్‌మాస్టరుని చేశారు. సభలో నా గురించి, పెద్దల మాట వినే మనిషి అని చెప్పారు. డ్రాయింగు మాస్టారు ఆ సభకి రాలేదు. టీ తాగడం అప్పటికే మానేశాం. ఆయన కోప్పడలేదు, మధ్యాహ్నం వేళ ఆయనకి వేరే పని ఉండడం మొదలైంది, అంతే.

మా ఆవిడ మరో తొమ్మిదేళ్ళు బతికింది. ఇల్లు కదల్లేదు.

ఆవిడ పోయిన మరుసటి ఏడు సంతలో ఆ పెద్దామె కనిపించింది. జుట్టు పూర్తిగా నెరిసింది. కోడలు పక్కన లేదు. చేపల వరసలోకి నాలాంటివాళ్ళు రారు గనక అందరూ నన్నే చూశారు. ఆమె ముందు నిలబడి, "నన్ను గుర్తుపట్టావా? సోనేపూర్‌లో మా ఆవిణ్ణి నీళ్ళలోకి తీసుకెళ్ళావు" అన్నాను.

ఆమె తల ఎత్తి నా మొహం చూసింది. గుర్తుపట్టింది. అది నాకు స్పష్టంగా కనిపించింది. చేతిలోని కత్తి పక్కన పెట్టి, సంత చివర నిలబడ్డ పోలీసు వైపు ఒకసారి చూసింది.

"నేదు బాబూ, మిమ్మల్ని ఎరగను" అంది. "నాను ఎవరి కారూ ఎక్కనేదు."